గర్భశ్రీమంతుల నిరభ్యంతర పత్రం

రాష్ట్ర పదకోశ మండలి ఒక మహానిఘంటువు తయారుచేస్తోందన్న సంగతి ఆ రాష్ట్రంలో చాలామందికి తెలియదు. తెలిసిన కొద్దిమందీ అది ఎప్పుడో పూర్తయిపోయి ఉంటుందనుకుంటారు. నిజానికి నలభై రెండేళ్లు చెమటోడ్చి మండలి ‘అ’ నుంచి ‘ఖ’ దాకా వచ్చింది. ప్రస్తుతం ‘గ’ మీద ఉంది.

‘గ’ ఇంత ఆలస్యం కావడానికి కారణం ‘క’. కిందటి సంపుటంలో ‘కోతలరాయుడు’ అన్న పదానికి “గొప్పలు చెప్పుకొనువాడు” అని అర్థం రాశారు. పుస్తకం విడుదలైన వారానికే ఒక శాసనసభ్యుడు సభలో లేచి, ఇది తనను ఉద్దేశించి రాసిందేనని, తన మనోభావాలు దెబ్బతిన్నాయని కంటతడి పెట్టుకున్నాడు. పుస్తకంలో ఆయన పేరు లేదు, ఊరు లేదు. అయినా గుర్తుపట్టాడు. వెంటనే ఇంకో పదకొండుమంది లేచి, ఆయన్ని కాదు, మమ్మల్ని అన్నారంటూ ఆయనతో కలబడ్డారు. సభ రెండు రోజులు వాయిదా పడింది. మూడో రోజున జీవో వచ్చింది.

“ఇకపై ఏ పదమునకైనను అర్థము ముద్రించుటకు ముందు, సదరు పదముచే సూచింపబడు వ్యక్తులలో కనీసం ఒకరి నుండి నిరభ్యంతర పత్రము పొందవలెను. సదరు వ్యక్తికి అభ్యంతరమున్నచో సరియైన అర్థమును తానే రాసి ఇవ్వవచ్చును. అట్టి అర్థమును మండలి అక్షరము మార్చకుండ ముద్రించవలెను.”

జీవో అన్నాక అమలు జరగాలి కదా. మండలి అమలు జరిపింది. ‘గజదొంగ’కి సెంట్రల్ జైలుకి వెళ్లారు. అక్కడున్న ఒకాయన పాత అర్థం చదివించుకుని విని, మొహం చిట్లించి, “ఇతరుల ఇళ్లలో పనిచేయు స్వతంత్ర నిపుణుడు” అని రాసి వేలిముద్ర వేశాడు. అదే ఖాయమైంది. ‘గాడిద’కి పశుసంవర్ధక శాఖలో ఒక అధికారి సంతకం చేశారు. ఏ హోదాలో చేశారో ఎవరూ అడగలేదు. ‘గయ్యాళి’ దగ్గర మాత్రం సూపరింటెండెంట్ సోమయాజులుగారు ఎవరినీ అడిగే ధైర్యం చాలక, “అర్థము సుప్రసిద్ధము” అని రాసి ఊరుకున్నారు.

ఈ పత్రాల కోసం ఊరూరా తిరిగే మనిషి నూకరత్నం. హోదా పదసేకరణ సహాయకురాలు, బ్రాకెట్లో తాత్కాలికం. ఇరవై ఏళ్లుగా తాత్కాలికమే. పద్దెనిమిదేళ్ల పిల్లగా వచ్చి చేరింది, ఇప్పుడు ముప్ఫై ఎనిమిది. ఈ మధ్యలో ముగ్గురు ముఖ్యమంత్రులు, ఇద్దరు అధ్యక్షులు మారిపోయారు. తాత్కాలికం మాత్రం చెక్కుచెదరలేదు. ఈసారి మాత్రం సోమయాజులుగారు ఫైలు తీసి చూపించి మరీ మాటిచ్చారు.

“చూడమ్మా రత్నం, భాషా వారోత్సవాల్లో మంత్రిగారు ‘గ’ సంపుటం విడుదల చేస్తారు. ఆ లోపు పత్రాలన్నీ వస్తే నిన్ను పర్మనెంటు చేస్తూ సిఫార్సు పోతుంది. రాకపోతే సంపుటం ఆగిపోతుంది. సంపుటంతో పాటు నీ ఉద్యోగమూ ఆగిపోతుంది. ఇది బెదిరింపు అనుకోకు, కేవలం సమాచార నిమిత్తం.”

“ఒక్కటే మిగిలిందండి,” అంది రత్నం చీటీ చూపిస్తూ. “గర్భశ్రీమంతుడు.”

“ఓస్, అదెంతసేపు! ఊళ్లో కారు హారన్ కొడితే నలుగురు శ్రీమంతులు తిరిగి చూస్తారు. ఎవరో ఒకర్ని పట్టుకో.”

చీటీ మీద వివరం చక్కగానే ఉంది. “సంస్కృత సమము. గర్భమునందుండగనే శ్రీమంతుడైనవాడు, పుట్టుకతోనే కలిమిగలవాడు.” వ్యుత్పత్తికి కూడా అనుమతులు కావాలన్నారు గనక, ‘గర్భ’ అన్న భాగానికి ప్రసూతి ఆసుపత్రి సూపరింటెండెంట్ వెంటనే సంతకం చేశారు. ‘శ్రీమంతుడు’ అన్న భాగాన్ని ఆదాయపు పన్ను కార్యాలయానికి పంపితే, “మా రికార్డుల ప్రకారం ఈ ప్రాంతమున శ్రీమంతులెవరును లేరు, అందరును నష్టములలోనే ఉన్నారు” అని జవాబొచ్చింది. రత్నానికి అప్పుడే కొంచెం గుబులు పుట్టింది. అయినా చీటీ సంచీలో వేసుకుని బయల్దేరింది.

మొదట పంచదార మిల్లు యజమాని దగ్గరికి వెళ్లింది. ఆయన చీటీ చదివి కిటికీలోంచి మిల్లు పొగగొట్టం వైపు చూశాడు.

“అమ్మా, మా నాన్న అన్నయ్యకి రెండు మిల్లులిచ్చాడు. నాకొకటే. ఆ లోటుతో పెరిగినవాణ్ణి నేను. నన్ను పట్టుకుని ఇంత మాట ఎలా అనగలిగారు?” ఆయన నిజంగానే జేబురుమాలు తీసి కళ్లొత్తుకున్నాడు. రత్నమే మంచినీళ్లు అందించింది.

తరువాత ఒక సినిమా హీరో. ఆయన తాత హీరో, తండ్రి హీరో, పెదనాన్న, ఇద్దరు బాబాయిలు కూడా హీరోలే.

“అందరూ హీరోలే ఉన్న ఇంట్లో మామూలు మనిషిగా పుట్టడం ఎంత నరకమో మీకు తెలీదండి,” అన్నాడాయన. “నా మొదటి సినిమాకి కారు గేటు దగ్గరే ఆగిపోతే మేకప్ గది దాకా నడిచి వెళ్లాను. అంతా నా కష్టం!”

ఒక డాక్టరమ్మ అయితే మండిపడింది. “సీటు నాకు ఊరికే రాలేదు! మా నాన్నగారు ఆ కాలేజీ కట్టడానికి ఆరేళ్లు పట్టింది!”

రత్నం పట్టు వదలకుండా భాషాభివృద్ధి మంత్రిగారి దాకా వెళ్లింది. ఆయన అందరికంటే మర్యాదగా మాట్లాడారు. కుర్చీ వేయించి, టీ ఇప్పించి, ఓపికగా వివరించారు.

“మా నియోజకవర్గంలో మా తాతగారు గెలిచారు. తరవాత నాన్నగారు గెలిచారు. ఇప్పుడు నేను గెలిచాను. ముగ్గురం వేరు వేరు మనుషులం కదమ్మా! ఇందులో వారసత్వం ఎక్కడుంది? నేను కష్టపడి పైకొచ్చినవాణ్ణి. కావలిస్తే రాసిస్తా.”

రాసిచ్చారు కూడా. అసలు అందరూ రాసిచ్చారు. కాదని నోటితో చెప్పి ఊరుకుంటే రేపు ఎవరైనా నమ్మకపోతారేమోనని ఒక్కొక్కరూ తమ పేరున్న కాగితం తెప్పించి, “నేను గర్భశ్రీమంతుడను కానని, స్వయంకృషితో పైకి వచ్చితినని ఇందుమూలముగా తెలియజేయుచున్నాను” అని రాసి, కింద తాము పడ్డ కష్టం కూడా చేర్చి, సంతకం, ముద్ర వేసి మరీ ఇచ్చారు. నెల తిరిగేసరికి రత్నం సంచీలో నలభై ఒక్క కాగితాలు పోగయ్యాయి. నిరభ్యంతర పత్రం మాత్రం ఒక్కటీ లేదు.

చివరికి సిగ్గు విడిచి సొంత మండలి అధ్యక్షుల గదిలోకే వెళ్లింది. అధ్యక్షులు ధనుంజయ వరప్రసాద్‌గారు, మొదటి అధ్యక్షులకి మనవడు, రెండో అధ్యక్షులకి కొడుకు. చీటీ చూసి ఆయన కోప్పడలేదు. లేచి నిలబడి తన కుర్చీ వైపు చెయ్యి చూపించారు.

“ఈ కుషన్ చూడు. మా తాతగారు కూచున్నారు, నాన్నగారు కూచున్నారు. నా దాకా వచ్చేసరికి దూది మొత్తం అణిగిపోయింది. జీవితాన్ని అరిగిపోయిన కుర్చీతో మొదలుపెట్టినవాణ్ణి నేను. రాసుకో.”

రత్నం నలభై రెండో కాగితం కూడా సంచీలో పెట్టుకుంది. వారోత్సవాలకి ఇంకా పద్దెనిమిది రోజులే ఉన్నాయి. ఆ రోజు బస్సులో ఇంటికి వెళ్తూ ఆమె నిజంగానే ఏడ్చింది. కండక్టరు చూసి టికెట్టు అడగడానికి కూడా మొహమాటపడ్డాడు.

మర్నాడు మండలి అత్యవసర సమావేశం జరిగింది. నలభై రెండు కాగితాలూ బల్ల మీద పరిచారు. సోమయాజులుగారు గొంతు సవరించుకుని, ముందు వరసలోవాళ్లకి కూడా అర్థం కాని భాషలో మొదలుపెట్టారు.

“గౌరవ సభ్యుల దివ్య సముఖమునకు విన్నవించుకొనునదేమనగా, ఉపరి లేఖలన్నిటినీ క్రోడీకరించి పరిశీలించిన మీదట, రాష్ట్రమున గర్భశ్రీమంతుడనువాడు లేడని నిర్ద్వంద్వముగా తేటతెల్లమగుచున్నది.”

అధ్యక్షులు ఒక్క నిమిషం ఆలోచించారు. ఆ పైన ఆయన మొహం వెలిగిపోయింది. “అంటే, మన రాష్ట్రంలో ఒక్కడు కూడా పుట్టుకతో పైకి రాలేదన్నమాట! అందరూ కష్టపడే వచ్చారు! ఇది నిఘంటువు విషయం కాదయ్యా, ఇది చరిత్ర!”

ఈ చరిత్ర సాయంత్రానికి సచివాలయం చేరింది. మర్నాటి పేపర్లలో మొదటి పేజీ నిండా ‘దేశంలోనే తొలి గర్భశ్రీమంత రహిత రాష్ట్రం’ అని ప్రకటన వచ్చింది. ఊరి మధ్యన స్వాగత ద్వారం కట్టారు. విజయోత్సవ ర్యాలీ తీశారు. ముందు వరుసలో మంత్రిగారు, పక్కన ఆయన తమ్ముడు, బావమరిది, వాళ్ల వెనక పంచదార మిల్లు, ఆ వెనక హీరో, హీరోగారి బాబాయిలు. అందరూ పిడికిళ్లెత్తి “స్వయంకృషి వర్ధిల్లాలి” అని అరిచారు. అరిచి అరిచి గొంతులు బొంగురుపోయాక ఎవరి కార్లు వాళ్లు ఎక్కారు. ర్యాలీకి కుర్చీలు మోసినవాళ్లు మాత్రం చప్పట్లు కొట్టడం మరిచిపోయారు. వాళ్లకి చేతులు ఖాళీ లేవు.

ఇక పదాన్ని నిఘంటువులోంచి కొట్టేస్తే సరిపోతుందని రత్నం ఊపిరి పీల్చుకుంది. సోమయాజులుగారు తల అడ్డంగా ఊపారు.

“కొట్టివేతకు కూడా నిరభ్యంతర పత్రం కావాలమ్మా. లేదా అటువంటి వ్యక్తి లేడని జిల్లాలన్నిటి నుంచీ శూన్య నివేదిక రావాలి. రూలు రూలే.”

జిల్లాలకి తాఖీదులు పోయాయి. మన కలెక్టర్లని మెచ్చుకోవాలి. లేనివాళ్లని వెతికి లెక్కపెట్టడం కష్టమైన పని. అయినా వారం తిరక్కుండానే అన్ని జిల్లాల నుంచీ “శూన్యం” అని జవాబొచ్చేసింది. ఇక మిగిలింది మండలి సొంత కార్యాలయం. దాని నివేదిక సోమయాజులుగారే ఇవ్వాలి. ఆయన రూలు తప్పే మనిషి కాదు. బీరువాలు తెరిచి, అటెండరు దగ్గర్నుంచి అధ్యక్షుల దాకా అందరి సర్వీసు ఫైళ్లూ దులిపి చదివారు. అధ్యక్షుల ఫైలులో “అపార ప్రతిభ దృష్ట్యా” అని ఉంది. ఆ ముందు అధ్యక్షుల ఫైలులోనూ “అపార ప్రతిభ దృష్ట్యా” అనే ఉంది. ఇలా ఒక్కొక్కటీ చూసుకుంటూ వచ్చి ఆయన ఒక పసుపుపచ్చని కాగితం దగ్గర ఆగిపోయారు. రెండుసార్లు చదివారు. కళ్లజోడు తుడుచుకుని మూడోసారి చదివి, ఒక్క కేక పెట్టారు.

“దొరికింది! గర్భశ్రీమంతురాలు దొరికింది!”

ఆ కాగితం రత్నం ఫైలులోది. ఆమె తండ్రి తాతారావు ఈ ఆఫీసులోనే అటెండరు. మొదటి సంపుటం కట్టలు మోస్తూ మెట్ల మీద జారిపడి పోయాడు. అప్పటికి రత్నం తల్లి అప్పలకొండకి అయిదో నెల. ఆవిడకి చదువు రాదు గనక ఉద్యోగం ఇవ్వలేమన్నారు. అప్పటి అధ్యక్షులు జాలిపడి ఒక ఉత్తర్వు మాత్రం వేయించారు. “మృతుని భార్య గర్భమందున్న శిశువునకు, యుక్తవయస్సు వచ్చిన పిమ్మట, ఈ కార్యాలయమున తగు ఉద్యోగమివ్వబడును.”

“చూశారా!” అన్నారు సోమయాజులుగారు. ఆనందంతో ఆ కాగితాన్ని గాల్లో ఊపుతున్నారు. “రాష్ట్రంలో ఇంకెవరికైనా గర్భంలో ఉండగా సర్కారు ఉత్తర్వు వచ్చిందా? తండ్రి కొలువు కడుపులో ఉండగానే దక్కింది! వ్యుత్పత్తికి అచ్చంగా సరిపోయింది!”

“అయ్యా, మా నాన్న చచ్చిపోయాడండి, అందుకని ఇచ్చారు,” అంది రత్నం. ఆమెకి ఇంకా నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

“అది వేరే కాలమ్. ఇక్కడ ‘ఎప్పుడు దక్కింది’ అన్నది ముఖ్యం.”

అధ్యక్షులు స్వయంగా వచ్చి దండ వేశారు. ఫొటో తీశారు. ఆయన ఆమె చెయ్యి పట్టుకుని ఊపుతూ, “మీలాంటివాళ్లని చూసి మాలాంటి కష్టజీవులు అసూయపడకుండా ఉండలేరమ్మా,” అని ఆత్మీయంగా అన్నారు.

అక్కడి నుంచి అంతా రూలు ప్రకారమే జరిగింది. శ్రీమంతురాలని ప్రభుత్వ రికార్డులోకి ఎక్కింది గనక తెల్ల రేషన్ కార్డు వెనక్కి తీసుకున్నారు. గర్భశ్రీమంతురాలికి జీవనోపాధి అవసరం లేదు గనక పర్మనెంటు సిఫార్సు ఆపేశారు. ఆ ఖాళీని స్వయంకృషితో పైకొచ్చినవాళ్ల కోటాలో అధ్యక్షుల మేనల్లుడికి కేటాయించారు.

ఇంటికి వచ్చి రత్నం ఈ సంగతి చెబితే తల్లి అప్పలకొండ చేటలో బియ్యం ఏరడం ఆపేసింది.

“ఏటే? మనం శ్రీమంతులమా?”

“నువ్వు కాదమ్మా, నేను. నీ కడుపులో ఉన్నప్పట్నుంచీ అంట.”

“నువ్వు నా కడుపులో ఉన్నప్పుడు గంజినీల్లే గతి! నాలుగిల్లల్లో అంట్లు తోమి నిన్ను కన్నాను. శ్రీమంతులేటి, సింతకాయేటి! ఆల్లకి కల్లు లేవా?” ముసలావిడకి కోపంతో చేట చేతిలోంచి జారిపోయింది. “మీ బాబు పేనం పోతే దాన్ని సిరి అంతారా? ఎవులే ఆ మాటన్నది?”

రత్నం కిందపడ్డ బియ్యం చేటలోకి ఎత్తింది. తండ్రిని ఆమె చూడలేదు. ఆయన గురించి ఆమెకి మిగిలింది ఆ కాగితం నకలు ఒక్కటే. ఇన్నాళ్లూ దాన్ని చూస్తే దుఃఖం వచ్చేది. ఆ రోజు మొదటిసారిగా ఒళ్లు మండింది. దుఃఖం వచ్చినప్పుడు ఏమీ తోచదు గాని, ఒళ్లు మండినప్పుడు మనిషికి బుర్ర బాగా పనిచేస్తుంది. రత్నానికి తాను రోజూ పదిమందికి చదివి వినిపిస్తున్న జీవో గుర్తొచ్చింది. ఇన్నాళ్లూ దాన్ని ఇతరులకి చదివింది గాని తనకోసం చదువుకోలేదు.

మర్నాడు సోమయాజులుగారు పత్రం సిద్ధంగా పెట్టారు. అధ్యక్షులు స్వహస్తాలతో దిద్దిన అర్థం అందులో ఉంది. “గర్భశ్రీమంతుడు: పూర్వకాలమున ఉండెనని చెప్పబడు ఒక తెగ. ప్రస్తుతము ఒక్కరు మాత్రమే మిగిలియున్నారు. చూ. నూకరత్నం.”

“ఇక్కడ సంతకం పెట్టేస్తే నీ పని అయిపోయిందమ్మా. ప్రూఫులు చూడ్డం అయ్యాక ఇక రానక్కర్లేదు కూడా.”

రత్నం పత్రం అంతా చదివి, కలం మూత తీసి, చివరి గీత మీద రాసింది. సోమయాజులుగారు వంగి చూశారు.

“ఇదేమిటి, ‘అభ్యంతరం ఉంది’ అని రాశావు?”

“ఉందండి. రూలు ప్రకారం సరైన అర్థం నేనే రాసివ్వొచ్చు కదండి. అక్షరం మార్చకుండా వెయ్యాలి కదండి.”

సోమయాజులుగారికి రూలు గుర్తొచ్చింది. ‘గజదొంగ’కి ఇచ్చిన హక్కు గర్భశ్రీమంతురాలికి లేదనడానికి ఆయనకి మనసొప్పలేదు. రత్నం ఇంకో కాగితం తీసుకుని తాపీగా రాసింది. రాసి, సంచీ లోంచి నలభై రెండు కాగితాలూ తీసి దానికి జతచేసింది. ప్రయోగాలు లేనిదే ఏ అర్థమూ అచ్చుకి పోదన్నది కూడా మండలి రూలే. సోమయాజులుగారు కట్ట మొత్తానికి దారం కట్టి ముద్ర వేసి ప్రెస్సుకి పంపేశారు. గడువు ఇంక నాలుగు రోజులే ఉంది. ప్రూఫులు చూడవలసిన మనిషి రత్నమే.

భాషా వారోత్సవాలు ఘనంగా జరిగాయి. మంత్రిగారు ‘గ’ సంపుటం పట్టుబట్ట విప్పి, రెండు చేతులా ఎత్తి చూపించారు. అది మూడున్నర కిలోలు. ఇన్నేళ్ల చరిత్రలో నిఘంటువు విడుదల చేసిన మంత్రి ఎవరూ దాన్ని తెరిచి చదవలేదు. ఈయన చదవాలని ఎవరూ అనుకోలేదు కూడా. కాని రాష్ట్రానికి జాతీయ కీర్తి తెచ్చిన పదం అందులో ఉంది గదా! ఆయన మైకు దగ్గరికి లాక్కుని, వేలితో వెతికి, ఉత్సాహంగా చదవడం మొదలుపెట్టారు.

“గర్భశ్రీమంతుడు. సంస్కృత సమము. అర్థం: తాను గర్భశ్రీమంతుడు కానని రాతపూర్వకముగా తెలియజేయువాడు.”

మంత్రిగారికి మైకు ముందు ఆగే అలవాటు లేదు. ఆయన ఆ ఊపులోనే కిందికి వెళ్లిపోయారు.

“ప్రయోగాలు. ‘మా నాన్న నాకు ఒక్క మిల్లే ఇచ్చాడు’ — పంచదార మిల్లు యజమాని. ‘మేకప్ గది దాకా నడిచి వెళ్లాను’ — సినీ కథానాయకుడు. ‘అరిగిపోయిన కుర్చీతో జీవితం మొదలుపెట్టాను’ — మండలి అధ్యక్షులు. ‘ముగ్గురం వేరు వేరు మనుషులం’ —”

అక్కడ ఆయన తన పేరు తానే చదివేశారు. హాలు చివరి వరసలో కుర్చీలు మోసినవాళ్ల చేతులు ఈసారి ఖాళీగానే ఉన్నాయి. మొదటి చప్పట్లు అక్కణ్నుంచే వినిపించాయి. ఆ తరువాత ఇక హాలుని ఆపడం ఎవరివల్లా కాలేదు. నవ్వి నవ్వి ఒక తెలుగు మాస్టారు కుర్చీలోంచి కిందికి జారిపోయారు. హీరోగారి బాబాయి కూడా నవ్వుతున్నాడని గమనించి హీరో ఆయన కాలు తొక్కాడు.

సాయంత్రం అధ్యక్షుల గదిలో మంత్రిగారు బల్ల గుద్దారు. “కాపీలన్నీ వెనక్కి తెప్పించండి! అర్థం మార్చండి! ఆవిణ్ణి తీసెయ్యండి!”

సోమయాజులుగారు వినయంగా చేతులు కట్టుకున్నారు. “చిత్తం. అర్థం మార్చుటకు సదరు పదముచే సూచింపబడు వ్యక్తి నిరభ్యంతర పత్రం కావలెను. రాష్ట్రమున అట్టి వ్యక్తి అధికారికముగా ఆమె ఒక్కరే.”

“ఇంకొకర్ని పట్టుకురండి!”

“తమరు అంగీకరించినచో ఈ క్షణమే, సార్.”

మంత్రిగారు అధ్యక్షుల వైపు చూశారు. అధ్యక్షులు కుషన్ వైపు చూశారు. గదిలో ఎవరూ అంగీకరించలేదు. వెంటనే వాళ్లకి ఇంకో భయం పట్టుకుంది. ఉద్యోగం పోయి ఈవిడ ఏ ఊరో వెళ్లిపోతే? ఆ అర్థం ఆచంద్రతారార్కం అలాగే ఉండిపోదూ?

రత్నాన్ని పిలిపించారు. కుర్చీ వేశారు.

“మార్చడానికి ఒప్పుకుంటావా అమ్మా?” అన్నారు అధ్యక్షులు, తాతల నాటి మర్యాదంతా గొంతులోకి తెచ్చుకుని.

“ఆలోచించాలండి.”

“ఎన్నాళ్లు ఆలోచిస్తావు?”

“తాత్కాలికపు మనిషిని కదండీ. పెద్ద పెద్ద ఆలోచనలు తాత్కాలికంగా చెయ్యలేనండి.”

వారం రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. ‘గర్భశ్రీమంతురాలు’ అన్న పేరుతో ప్రభుత్వం ఒక కొత్త పోస్టు మంజూరు చేసింది. పర్మనెంటు, పెన్షను సదుపాయంతో. విధులు: ప్రతి పనిదినమునను కార్యాలయమునకు హాజరై, పైన పేర్కొన్న పదము యొక్క అర్థమును మార్చుటకు అంగీకరించుటయా మానుటయా అను విషయమై ఆలోచించుట. అప్పలకొండ ఆ కాగితం పైకీ కిందికీ తిప్పి చూసి, ఇందులో ‘తాత్కాలికం’ అన్న ముక్క ఎక్కడైనా ఉందేమో వెతకమంది. రత్నం అక్షరం అక్షరం వెతికింది. లేదు. తల్లీకూతుళ్లిద్దరూ ఒకళ్లని పట్టుకుని ఒకళ్లు ఏడ్చారు. ఏడుస్తూనే నవ్వారు.

అదే గెజిటులో అధ్యక్షుల పెద్దబ్బాయిని, అపార ప్రతిభ దృష్ట్యా, మండలికి ఉపాధ్యక్షుడిగా నియమించారు. రత్నం ఉత్తర్వులో మాత్రం చివరన ఒక షరతు ఉంది. సర్కారు దాని కింద గీత కూడా గీయించింది.

“ఈ పోస్టు ఎట్టి పరిస్థితులలోను వారసత్వముగా సంక్రమించదు.”